కొత్త నూనెకు వాసన లేదు

ఏప్రిల్ 3

మరదలు పిల్లకి,

మీ అన్నయ్య పొద్దున బస్సెక్కారు. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆయన నీ పూల చల్లగదిలో ఏదో మూల చతికిలబడి, మిషన్ విప్పి, నేలంతా నూనె చేసి ఉంటారు. ఓపిక పట్టు. పెళ్ళయినప్పటి నుంచి నేను పడుతున్నదే అది.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మీ ఫోన్ హాల్లో ఉంటుంది, ఆయన మంచమూ హాల్లోనే ఉంటుంది. నువ్వు ఫోన్లో మాట్లాడితే వీధి చివరివాళ్ళకి కూడా వినిపిస్తుంది. అందుకే కాగితం. చదివి చింపెయ్యి. లేదా దాచుకుని తర్వాత నన్ను దెప్పడానికి వాడుకో, నీ ఇష్టం.

ఇక అసలు విషయం. నీ పెద్ద గదిని చల్లబరిచే మిషన్‌కి ఇన్నాళ్ళూ వాడిన గ్యాస్ ఇక దొరకదు. కొత్తదానికి మారాలి. గ్యాస్ మారితే మిషన్లో నూనె కూడా మారాలి. పాత గ్యాస్‌కి మినరల్ ఆయిల్, కొత్తదానికి ఎస్టర్ ఆయిల్. రెండూ మంచినీళ్ళలాగే ఉంటాయి. కానీ ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే కంప్రెసర్ బిగుసుకుని పట్టేస్తుంది. నీ పక్కగదిలోని చిన్న పెట్టె ఇంకా పాత గ్యాస్ మీదే నడుస్తోంది కాబట్టి ఆయన రెండు రకాల డబ్బాలూ తెస్తున్నారు. పెద్దదానిలో పాత నూనె తీసి, కొత్తది పోసి, కొంతసేపు తిప్పి, మళ్ళీ తీసి, మళ్ళీ పొయ్యాలి. పాతదాని జాడ పోయేదాకా అంతే.

ఆయన సంచిలో తువ్వాలు చుట్టి ఒక చిన్న గొట్టం పెట్టాను. తీసిన నూనె ఒక చుక్క దాని గాజు మీద వేసి, వెలుతురు వైపు పెట్టి చూస్తే లోపల గీత ఏ అంకె దగ్గర పడిందో కనిపిస్తుంది. పాత నూనె ఇంకా ఉందో లేదో అదే చెబుతుంది. ఆయన దాన్ని ముట్టుకోరు. ఆయన చేత ముట్టించే పని నీది. చెల్లెలివి, గారాలు పోతే కాదనరు.

బస్సెక్కే ముందు ఆయన మా రిపేరు కొట్టు వంక చూసి ఒక మాటన్నారు. "ఈ పని సరిగ్గా కుదిరితే సరే. కుదరకపోతే కొట్టు మూసేద్దాం." నవ్వుతూ అన్న మాట కాదది. ఎందుకన్నారో నాకు తెలుసు. కానీ అది ఆయన నోటితో ఆయన చెప్పాల్సిన మాట, నేను రాయను. గొట్టం మాత్రం మర్చిపోకు.

నీ వదిన


ఏప్రిల్ 9

వదినకి,

క్షేమం అడగను, కోపంగా ఉన్నాను.

మా అన్నయ్యని ఏం చేశావు నువ్వు? ఇదివరకు వస్తే వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమే, పోపు మాడ్చావా" అని గిన్నె మూత తియ్యకుండానే వంక పెట్టేవాడు. కూర నోట్లో పెట్టుకోకుండానే ఉప్పు తక్కువైందని చెప్పేవాడు. ఇప్పుడు వడ్డించింది వడ్డించినట్టు తింటున్నాడు. నిన్న పప్పు అడుగంటింది. నేనే సిగ్గుపడి తీసెయ్యబోతే, బాగానే ఉంది వెయ్యమ్మా అన్నాడు. ఒక మనిషి నోరు ఇంతగా ఎలా కట్టేశావు వదినా? ఇంట్లో రోజూ దెబ్బలాడతావా?

పని మాత్రం నిండా మునిగి చేస్తున్నాడు. పూల గదిలో ఒక బక్కెట్ లిల్లీలు కుళ్ళిపోయాయి. నేను లోపల అడుగు పెట్టలేక ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తాను. అన్నయ్య ఆ బక్కెట్ పక్కనే కూర్చుని పైపులు విప్పుతున్నాడు. నా మనసు నొచ్చుకుంటుందని ఒక్క మాటైనా అనలేదు. అలాంటి మనిషి దొరికినందుకు నువ్వు రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకోవాలి.

నూనె గురించి నాకు బాగా చెప్పాడు. గ్యాస్‌తో పాటు కొంచెం నూనె కూడా పైపుల్లోకి వెళ్ళిపోతుందట. వెళ్ళింది మళ్ళీ కంప్రెసర్‌కి తిరిగి రావాలట. "గ్యాస్‌లో కరిగే నూనె అయితే దాని చెయ్యి పట్టుకుని ఇంటికొస్తుంది. కరగనిదైతే చల్లటి పైపుల్లో ఎక్కడో చతికిలబడి అక్కడే ఉండిపోతుంది. ఇక్కడ కంప్రెసర్ నూనె లేక అరుస్తుంది." ఇలా చెబితే నాకెందుకు అర్థం కాదు? నువ్వు రాసింది చదివితే మాత్రం పరీక్షకి కూర్చున్నట్టుంది.

పాత నూనె తీసి ఒకసారి కొత్తది పోశాడు. నేనూ ఊరికే కూర్చోలేదు. ఆ జిడ్డు డబ్బాలు, చిరిగిన కాగితాలు చూడలేక రెండు నూనెల్నీ కడిగి ఆరబెట్టిన గాజు సీసాల్లోకి వంచాను. అమ్మ ఏ సరుకునీ కొట్టు డబ్బాలో ఒక పూట కూడా ఉండనిచ్చేది కాదు. నువ్వు కాపురానికి వచ్చాక ఆ అలవాటు అన్నయ్యకి పోయింది, నాకు పోలేదు. సీసాలు కిటికీలో పెడితే ఎంత ముద్దుగా ఉన్నాయో!

నీ గొట్టం ఈ ఉత్తరంతోనే పార్శిల్లో వెనక్కి పంపుతున్నాను. వేలు ముంచి, రుద్ది, వాసన చూసి ఏ నూనె ఏ మిషన్‌దో, ఎక్కడ మాడిందో చెప్పే మనిషి వెనకాల పరీక్ష పెట్టే గొట్టమా? చూస్తే చిన్నబుచ్చుకుంటాడు. అలాంటివి మా ఇంటికి పంపకు.

నీ ఆడపడుచు


ఏప్రిల్ 14

అమ్మాయీ,

పార్శిల్ అందింది. విప్పి గొట్టం చూడగానే కాగితం తీశాను.

నీ మీద అరవాలని ఉంది, కాగితం మీద అరిస్తే వినిపించదు. దెబ్బలాటలూ, అడుగంటిన పప్పూ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ సీసాలు. ఆయన్ని వాటిలోంచి ఒక్క చుక్క కూడా పొయ్యనివ్వకు. ఏ సీసాలో ఏది ఉందో నీకైనా గుర్తుందా? కిటికీలో పక్కపక్కన పెట్టానంటున్నావు. ఒకటి అటూ ఇటూ జరిగితే నీకు తెలుస్తుందా?

ఇంకొకటి కూడా ఉంది. ఎస్టర్ ఆయిల్‌కి గాలిలో తడి తాగే గుణం ఉంది. అందుకే కంపెనీవాళ్ళు డబ్బా సీలు చేసి ఇస్తారు, తీసిన పూటే వాడి మూతెయ్యాలి. కడిగిన సీసాలో పోసి కిటికీలో పెట్టావంటే అది ఈపాటికి కడుపునిండా తాగి ఉంటుంది. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది, మిషన్లోకి వెళ్ళాక తెలుస్తుంది.

ఏదో ఒక సాకు చెప్పు. పిల్లి తన్నేసింది అను. పారబోసి, సీలు ఉన్న కొత్త డబ్బా తెప్పించు. ఎందుకని అడగకు. నీకు దణ్ణం పెడతాను, ఇంతకంటే ఏమీ రాయించకు.

నీ వదిన


ఏప్రిల్ 15

వదినా,

నీ దగ్గరి నుంచి ఉత్తరం రాలేదు. అలిగావేమో. అలుగు. ఇక్కడ మాకు వేరే తిప్పలున్నాయి.

మిషన్ చెడింది. మొన్నటిదాకా అంతా సవ్యంగానే ఉంది. రెండోసారి నూనె తీశాడు, రెండోసారి పొయ్యాలి. డబ్బా కోసం చూస్తే సీసాలు చూపించాను. ఒక్క క్షణం వాటి వంక చూస్తూ నిలబడ్డాడు. "ఏది ఏదే?" అంటాడేమో అనుకున్నా. అనలేదు. ఎప్పటిలాగే మూత తీసి, వేలు ముంచి, రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, తలాడించి పోసేశాడు. నేను పక్కనే ఉన్నాను. అంత ధీమాగా చూశాడు వాసన.

సాయంత్రానికి గది చల్లబడటం మానేసింది. అన్నయ్య భోంచేస్తున్నవాడు చెయ్యి గాల్లోనే ఆపి, "అది విను" అన్నాడు. నాకు రోజూ వినిపించే చప్పుడే. ఎంగిలి చేత్తోనే పరుగెత్తి స్విచ్ తీసేశాడు. కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసుకున్నాడు. నూనె ఎంతుందో చూసే గాజు కన్ను దాని పక్కన ఉంటుంది కదా, అందులో నూనే లేదు. పూలన్నీ పక్కవీధి వాళ్ళ గదికి మోయించాం. సగం వాడిపోయాయి.

పూలు పోతే పోయాయి వదినా. అన్నయ్య మిషన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పిలిస్తే పలకడు. చివరికి, "నా పని అయిపోయిందమ్మా. బస్సెక్కించు. కొట్టు మూసేస్తాను" అన్నాడు. అంత పెద్దవాడు తువ్వాలుతో మొహం తుడుచుకుని, చెమట అన్నాడు. చెమటకి కళ్ళు ఎర్రబడతాయా?

చెబుతున్నాను విను. ఇదంతా నీ చలవే. ఇంట్లో కూర్చుని అనుమానించి, అనుమానించి, సంచిలో గొట్టాలు దాచిపెట్టి ఆ మనిషికి తన చేతి మీద తనకే నమ్మకం లేకుండా చేశావు. భయపడ్డ చెయ్యి ఏ పనీ సరిగ్గా చెయ్యదు. ఎల్లుండి బస్సుకి పంపిస్తాను. తలుపు తీసేటప్పుడైనా నవ్వు మొహంతో తియ్యి.

నీ ఆడపడుచు


ఏప్రిల్ 19

అమ్మాయీ,

ఆయన ఇంకా ఇల్లు చేరలేదంటే నువ్వు పంపలేదన్నమాట, పంపకు. ఏదో చెప్పి ఆపు. ఈ ఉత్తరం సాధారణ పోస్టులో కాకుండా పొద్దుటి బస్సు డ్రైవర్ చేతికి ఇస్తున్నాను.

నువ్వు నన్ను అన్న మాటలు చదివి ఏడ్చాను. తర్వాత నవ్వొచ్చింది, నీ స్థానంలో నేనున్నా అవే మాటలు అనేదాన్ని. ఇక దాచను.

మీ అన్నయ్యకి వాసన తెలియదు. చలికాలంలో జ్వరం వచ్చింది కదా, అప్పుడు పోయింది, మళ్ళీ రాలేదు. నాకూ వెంటనే తెలియలేదు. ఒకరోజు ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ ఎవరో పిలిస్తే గుమ్మంలోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి చొక్కా కాలి ఇల్లంతా కమురు కంపు. ఆయన ఆ బల్ల పక్కనే కూర్చుని పేపర్ చదువుకుంటున్నారు. నన్ను చూసి, "ఏమైంది, ఎందుకలా చూస్తున్నావు" అన్నారు. అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్ళూ కూరకి వంక ఎందుకు పెట్టడం లేదో. మంచివాడైపోయారని సంతోషించాను చూడు, ఎంత పిచ్చిదాన్నో.

ఆయనకి నేను చెప్పలేదు, నాకు ఆయనా చెప్పలేదు. ఇద్దరం ఒకరి దగ్గర ఒకరం నటిస్తున్నాం. కొట్టులో డబ్బాల మీద పేర్లుంటాయి కాబట్టి నెట్టుకొచ్చారు. ఎవరైనా చూస్తుంటే మాత్రం వేలు ముక్కు దగ్గర పెట్టుకుని తలాడిస్తారు. జనం దానికోసమే వస్తారు కదా. ఆ తలాడించడం చూసినప్పుడల్లా నేను లోపలికి వెళ్ళిపోతాను. ఆ గొట్టం తెచ్చింది అందుకే. కుళ్ళిన పూల పక్కన కూర్చున్నది నీ మీద మర్యాదతో కాదు తల్లీ.

పేర్లున్న డబ్బాలు పోయి పేర్లు లేని సీసాలు వచ్చేసరికి ఆయనకి రెండే దార్లు. "నాకు తెలియడం లేదు" అనాలి, లేదా తలాడించాలి. రెండోదే చేశారు. చెల్లెలి ముందు చిన్నబోవడం ఇష్టం లేక.

నీకు ముందే చెప్పాల్సింది. ఆయన మాట ఆయనే చెప్పాలని పంతానికి పోయాను. ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. నేను రాశానని తెలియనివ్వకు. తనంతట తాను చెప్పే వీలు కల్పించు, ఎలాగో నాకు తెలియదు. గొట్టం మళ్ళీ పంపుతున్నాను. ఈసారి వెనక్కి పంపావో, నేనే వచ్చి నీ నెత్తిన కొడతాను.

నీ వదిన


ఏప్రిల్ 27

బంగారు వదినకి,

నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. "ఇంట్లో రోజూ దెబ్బలాడతావా" అన్నది మాత్రం కొంచెం ఉంచుకో, అది నిజమే అయ్యుంటుంది.

సీసాల్లోంచి పొయ్యనివ్వకన్న నీ ఉత్తరం పోసేశాకే అందింది. డ్రైవర్ తెచ్చిన రెండోది వంటింట్లో చదివి, మొహం కడుక్కుని, తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళాను. రెండు సీసాలూ మూతలు తీసి నేనే వాసన చూశాను. అడుగు మిగిలిన దానికి అమ్మ కుట్టు మిషన్ వాసన. రెండోదానికి వాసనే లేదు. నాకే తెలిసిపోతోంది వదినా! రెండోసారి పోసింది ఆ కుట్టు మిషన్ నూనే.

సీసాలు తీసుకెళ్ళి అన్నయ్య ముందు పెట్టాను. స్టూలు మీదే ఉన్నాడు. సంచి సర్దేసుకున్నాడు, ఆ మొహంతో పంపబుద్ధి కాక రెండుసార్లు బస్సు తప్పించి ఆపాను.

"అన్నయ్యా, తప్పు నాది. పేర్లున్న డబ్బాలు పారేసి సీసాల్లో పోశాను. ఏది ఏదో నాకే తెలియలేదు" అన్నాను.

"నేను వాసన చూసే పోశాను కదే."

"చూశావు."

అంతే అన్నాను. ఇంకేదైనా అనాలని నోటిదాకా వచ్చింది కానీ, నువ్వు రాసింది గుర్తొచ్చి నోరు నొక్కుకున్నాను. నేను నోరు నొక్కుకోవడం మా ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. మా పిల్లి వచ్చి ఆగిపోయిన కంప్రెసర్ మీద పడుకుని, వెచ్చగా లేదని దిగిపోయింది.

అప్పుడు అన్నయ్య ఒక సీసాలో వేలు ముంచి, తన ముక్కు దగ్గర పెట్టుకోలేదు వదినా. నా వైపు చాపాడు. "నువ్వు చూసి చెప్పు" అన్నాడు.

"కుట్టు మిషన్."

ఇంకో వేలు ఇంకో సీసాలో ముంచాడు. "ఇది?"

"ఏమీ లేదు."

"నిజంగా లేదా, నా కోసం అంటున్నావా?"

"నిజంగా లేదన్నయ్యా. దాదాపు నీళ్ళే."

"హమ్మయ్య" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఏముందో నేను రాయలేను. తర్వాత, "చలికాలం నుంచి నాకు రెండూ ఒకటేనే" అన్నాడు. నేను అప్పుడే విన్నట్టు ఏడ్చాను. నటించాల్సిన పని లేకపోయింది.

ఆ తర్వాత ఒకే పాఠం. తీసిన నూనె నా ముక్కు దగ్గర పెట్టడం, "పుల్లగా ఉందా? కమురుగా ఉందా?" అని అడగడం. పుల్లటి వాసనొస్తే లోపల తడి చేరి ఆమ్లం పుట్టినట్టట, కమురొస్తే మోటార్ లోపలి తీగచుట్ట కాలినట్టట. రెండూ లేవన్నాను. సరిగ్గా చూడమని తిట్టాడు. ఆ తిట్టు ఎంత హాయిగా ఉందో!

కంప్రెసర్ బతికింది. అన్నయ్య చెవి కాపాడింది దాన్ని. ఇంకాసేపు తిరిగి ఉంటే పట్టేసి ఉండేదట. సీసాల్లో మిగిలినవి రెండూ వాడకుండా పక్కన పెట్టేశాం. సీలున్న డబ్బాలు తెప్పించి, పోసి, తిప్పి, తీసి, మళ్ళీ పోశాం. ప్రతిసారీ ఆయనగారు గొట్టంలోంచి చూస్తాడు, నేను వాసన చూస్తాను, ఇద్దరం ఒకేసారి జవాబు చెప్పాలి. "నీ వదిన ఈ గొట్టం ఎందుకు పెట్టిందో" అన్నాడు ఒకసారి, గొట్టంలోంచి కన్ను తియ్యకుండానే. నాకేం తెలుసు అన్నాను. "దానికి తెలుసు" అన్నాడు. ఇక నీ తంటాలు నువ్వు పడు.

గది చల్లబడింది. ఉన్ని శాలువా కప్పుకుని లోపలికి వెళ్ళాల్సి వస్తోంది. గులాబీలు మళ్ళీ దింపాం. బస్సెక్కేటప్పుడు ఒక కట్ట అన్నయ్యతో పంపుతాను. కొట్టు ఏం చేస్తాడో మాత్రం నాకు చెప్పలేదు.

నీ మరదలు


మే 4

మరదలు పిల్లకి,

మీ అన్నయ్య, నీ గులాబీలు, రెండూ క్షేమంగా చేరాయి. గులాబీలు కొంచెం నలిగాయి.

నవ్వు మొహంతోనే తలుపు తీశాను. ఆయన స్నానం చేసి, భోంచేసి, పడుకున్నారు. మర్నాడు కూడా కొట్టు తియ్యలేదు. అడగలేదు నేను. నీ ఉత్తరం ఆయన కంటే ముందే వచ్చింది కాబట్టి నాకన్నీ తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. అయినా ఎవరం బయటపడలేదు. కాపురం అంటే ఇలాగే ఉంటుంది, నీకు తెలియనిదేముంది.

ఇవాళ పొద్దున నేను బట్టలు మడతపెడుతుంటే కొట్టు వైపు చప్పుడైంది. ఆయన లోపలికొచ్చి నా ముందు కూర్చుని కుడిచెయ్యి చాపారు. వేళ్ళు తడిగా ఉన్నాయి.

"చూడు" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ చెయ్యి నా ముక్కు దగ్గరికి ఎప్పుడూ రాలేదు. జిడ్డు అంటుతుందని దూరంగా పెట్టుకునేవారు. వంగి చూశాను. "కుట్టు మిషన్" అన్నాను.

"నా చెల్లెలు చెప్పిందా?"

"ముక్కు చెప్పింది."

ఎడమచెయ్యి చాపారు. చాలాసేపు చూశాను. నూనె వాసన లేదు, ఆయన సబ్బు వాసన మాత్రం కొంచెం ఉంది. "ఏమీ లేదు" అన్నాను.

"అదీ" అన్నారు. "నాకిప్పుడు అన్నీ ఆ కొత్త నూనెలాగే ఉన్నాయి. నువ్వు వండిందీ, ఈ దుప్పట్లూ, నువ్వూ." నేను ఆ రెండు చేతులూ పట్టుకున్నాను. మడతపెట్టిన బట్టలన్నీ నూనె అయ్యాయి. అవనీ అనుకున్నాను.

కొంచెంసేపయ్యాక అడిగారు, "ఇంట్లో ఇప్పుడు ఏం వాసనొస్తోంది?"

కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ చెప్పాను. ఎండలో ఆరిన గుడ్డలు. మూలన తడిసిన గోనె. నీ గులాబీలు, నలిగినందువల్ల ఇంకా ఎక్కువగా. పొయ్యి మీద పాలు. ఆయన నేను చెప్పినవాటి వైపల్లా తల తిప్పుతూ విన్నారు. ఉన్నట్టుండి, "పాలు ఎలా ఉన్నాయి?" అన్నారు. "మాడుతున్నాయి" అని నేను లేచి పరుగెత్తాను. వెనక నుంచి, "ఏమే, మళ్ళీ మాడ్చావా" అని వినిపించింది. గిన్నె దింపి అక్కడే నిలబడి ఏడ్చాను.

కొట్టు తెరిచారు. కౌంటర్ దగ్గర నాకో స్టూలు వేశారు. ఎవరో ఫ్రిజ్‌లోంచి తీసిన నూనె సీసాలో తెచ్చి, మీ చెయ్యి పడితే చాలు, చూసి చెప్పండి అన్నారు. ఆయన వేలు ముంచి, రుద్ది, తలాడించకుండా నా వైపు తిప్పారు.

ఇక రాయడానికి తీరిక లేదు, పిలుస్తున్నారు.

నీ వదిన